బొట్టు కింద దీపం

ఆ మధ్యాహ్నం మూడు దాటాక ఫిల్మ్‌నగర్‌లో కరెంటు పోయింది. బయట గాలివాన. ఎక్కడో కొమ్మ విరిగి తీగ మీద పడి ఉంటుంది. కరెంటు పోవడం వార్త కాదు. కానీ దానితోపాటు నేను కూర్చున్న సౌండ్ స్టూడియోలో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. అది జరగకూడదు.

ఎందుకంటే ఆ స్టూడియోకీ కరెంటు లైనుకీ మధ్య మా బావ తయారుచేసిన యూపీఎస్ ఉంది. ఇళ్లలో బల్ల కింద పెట్టుకునే డబ్బా కాదు, బీరువా అంత మిషన్. కరెంటు పోయినప్పటి నుంచి జనరేటర్ అందుకునేదాకా పది పన్నెండు సెకన్లు పడుతుంది. ఆ కాసేపు స్టూడియోకి కావాల్సిన కరెంటు బరువంతా అది మోయాలి. రెండున్నర నెలలుగా ఎన్నిసార్లు కరెంటు పోయినా మోసింది. ఇంకో పదకొండు రోజులు మోస్తే మూడు నెలల పరీక్ష పూర్తయ్యేది.

ఫోన్ టార్చి వేసుకుని మెట్ల కింద ఉన్న పవర్ రూంలోకి పరిగెత్తాను. జనరేటర్ అప్పటికే అందుకుంది గానీ ఆ గదిలో బల్బుకి ఆ లైను లేదు. మిషన్ మెడలో దసరా నాటి బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది. ఆకుపచ్చ దీపాలు మూడూ వెలుగుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అంటే మిషన్‌కి ఏమీ కాలేదు. నిక్షేపంగా ఉండి, పక్కకి తప్పుకుని నిలబడింది.

ప్యానెల్ పైభాగాన సరిగ్గా నడుమ, పది రోజుల క్రితం నేను పెట్టిన గంధం బొట్టు ఉంది. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది, మీద కుంకుమ. టార్చి పక్కకి తిప్పినప్పుడు ఆ బొట్టు అంచు చుట్టూ సన్నటి వెలుగు కనిపించింది. గోటితో గీకాను. పెచ్చు ఊడిపడింది. కింద నారింజరంగు దీపం నిండుగా వెలుగుతోంది.

ఆ దీపం వెలిగిందంటే బరువు మిషన్ మీద లేదని అర్థం. స్టూడియో నేరుగా కరెంటు లైను మీద నడుస్తోందని అర్థం. ఎన్ని రోజులుగా అలా నడుస్తోందో బొట్టు పెట్టిన నాకు తెలియదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికలో పనిచేసి రిటైరయ్యాను. మోతీనగర్‌లో ఉంటాం. మా అక్కావాళ్లది రెండు వీధుల అవతల. బావ పాతికేళ్లు ఒక కర్మాగారంలో కంట్రోల్ ప్యానెళ్లు బిగించి, అది మూతపడ్డాక ఇంటికి దగ్గర్లో షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన కింద నలుగురు పనివాళ్లు. ఇన్నేళ్లూ వేరేవాళ్లు చేసిన యూపీఎస్‌లకు రిపేర్లు చేశాడు. ఒక్కో మిషన్ విప్పినప్పుడల్లా చేసినవాణ్ణి తిట్టేవాడు. "ఈ ఫ్యాను మార్చాలంటే మిషన్ మొత్తం ఆపాలట. ఇది గీసినవాడు ఒక్కరోజు కూడా స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉండడు" అనేవాడు. అరవై దాటాక తనే ఒకటి గీశాడు. గీయడానికి రెండేళ్లు, చేయడానికి ఏడాదీ పట్టాయి. రిపేర్ల పని తగ్గించేసుకున్నాడు. ఇది కుదరకపోతే షెడ్డు మూసేయడమే. ఆ సంగతి ఆయన చెప్పలేదు, అక్క చెప్పింది.

ఊరవతల మందుల కంపెనీ ఒకటి మిషన్ కావాలంది. వాళ్ల దగ్గర పెద్ద పెద్ద ట్యాంకుల్లో మందు కలుస్తూ ఉంటుంది. కలిపే మోటారు కాస్త ఆగినా ఆ ట్యాంకు మొత్తం పారబోయాలి. అందుకే షరతు పెట్టారు. నిజంగా పని జరిగే చోట ఈ మిషన్ మూడు నెలలు ఒక్కసారి కూడా తప్పకుండా నడవాలి. రోజూ లాగ్‌బుక్ రాయాలి. రాసేవాడు బావ షెడ్డు మనిషి కాకూడదు.

"నువ్వు రాయి. రాయడం నీకేం కొత్త?" అన్నాడు బావ నాతో.

"బావమరిది బయటివాడెట్లా అవుతాడండీ?" అంది అక్క.

"జీతం ఇవ్వట్లేదుగా. బయటివాడే."

"అట్లా అయితే మీ షెడ్డుకి నేనూ బయటిదాన్నే."

సౌండ్ స్టూడియో వాళ్లది బావకు పాత పరిచయం. వాళ్ల పాత యూపీఎస్‌కి ఇన్నాళ్లూ రిపేర్లు చేసింది ఆయనే. అది పూర్తిగా పోవడంతో, పరీక్ష కోసం ఈ మిషన్ పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగి, అక్కడి నుంచి ఆటోలో రోజూ పదకొండింటికల్లా వెళ్లేవాణ్ణి. ఒకప్పుడు ఇవే వీధుల్లో హీరోల ఇళ్ల గేట్ల ముందు గంటలకొద్దీ నిలబడ్డాను. ఆ గేట్ల కాపలావాళ్లు మారిపోయారు, డ్రైవర్లు మారిపోయారు, నన్ను గుర్తుపట్టేవాళ్లు లేరు. ఒక యంత్రం కోసం మళ్లీ ఆ దారిన పోవడం నాకు బాగానే ఉండేది.

మిషన్ పెట్టిన వారానికే పేచీ వచ్చింది. ఏ తేడా వచ్చినా కూతపెట్టేలా బావ దానిలో బజర్ అమర్చాడు. సౌండ్ మిక్సింగ్ చేసే అతను కిందికి దిగివచ్చాడు.

"సార్, హీరోయిన్ గుండెలు పగిలేలా ఏడుస్తోంది. వెనకాల మీ మిషన్ పిట్టలా కూస్తోంది. నేను ఏది ఉంచాలి?"

"పరీక్షించడానికి నొక్కానండీ. మామూలుగా కూయదు."

"సార్, దండం పెడతా. ఈ ఇంట్లో నల్లా కారినా నాకు పైన వినిపిస్తుంది."

బావ బజర్ పీకేశాడు. ఇష్టంగా కాదు. దానికి బదులు పెద్ద నారింజరంగు దీపం పెడతానన్నాడు. ప్యానెల్ ముందు నన్ను నిలబెట్టాడు.

"కళ్లు మూసుకో. ఇప్పుడు తెరువు. మొట్టమొదట ఎక్కడ చూశావు?"

నేను వేలు పెట్టి చూపించాను. పైన, నడిమధ్య. ఆయన అక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టి డ్రిల్లు చేశాడు.

ఆ దీపం రెండు సందర్భాల్లో వెలుగుతుంది. రిపేరు కోసం ఎవరైనా కింది చిన్న తలుపు తీసి, లోపలి హ్యాండిల్ తిప్పితే బరువు మిషన్ మీంచి లైను మీదికి మారుతుంది. దాన్ని బైపాస్ అంటారు. లేదంటే మిషనే తనలో ఏదో ఇబ్బంది పసిగట్టి, తనంతట తానే తప్పుకుంటుంది. రెండింటికీ ఒకే దీపం. మిషన్ తనే తప్పుకున్నా, ఆ హ్యాండిల్ ఒకసారి అటూ ఇటూ తిప్పితే మళ్లీ బరువెత్తుకుంటుంది, దీపం ఆరిపోతుంది. రెండు పెట్టొచ్చు కదా అని అడిగాను.

"దేనికైనా మనిషి పరిగెత్తుకు రావాల్సిందే. వచ్చాక తలుపు తీసి చూస్తే హ్యాండిల్ ఎటుందో తెలుస్తుంది. రెండెందుకు?" అన్నాడు.

నాకు సబబుగానే తోచింది.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఫిల్మ్‌నగర్‌ని చూడాలి. కార్ల టైర్ల కింద నిమ్మకాయలు, కెమెరాలకు దండలు, లైట్ల స్టాండ్లకు మామిడాకులు. మేకప్ పెట్టెలకు కూడా పూజ చేస్తారు. తిండి పెట్టే వస్తువుకి ఆ ఒక్కరోజు పని చెప్పకూడదు, విశ్రాంతి ఇచ్చి బొట్టు పెట్టాలి. మూడేళ్లు మొగుణ్ణి మింగిన మిషన్‌కి పూజ చేయకుండా ఊరుకోనని అక్క పంతం పట్టింది.

"ఇంట్లో సవతి ఉన్నట్టే ఉంది ఇన్నాళ్లూ. పసుపూ కుంకుమా ఇచ్చి మంచి చేసుకుంటా" అంది.

"ఆపడానికి వీల్లేదే దాన్ని" అన్నాడు బావ.

"స్టూడియో ఆగకుండా బైపాస్ ఏదో ఉందన్నారుగా?"

ఉంది. ఆయనే పెట్టాడు. ఇన్నేళ్లు ఊళ్లో ప్రతి మిషన్‌నీ తిట్టింది ఆ సదుపాయం లేకనే. కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆ రోజు స్టూడియోలో పని కూడా సగమే.

స్టూడియో ఎలక్ట్రీషియన్ బోరబండ మనిషి. నలభై ఏళ్లుంటాయి, ఆ భవనంలో ప్రతి తీగా ఎరిగినవాడు. బావ చూస్తుండగా అతనే హ్యాండిల్ తిప్పాడు. నారింజ దీపం వెలిగింది. మిషన్ ఆపారు. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. బావను మేనేజర్ పైకి పిలిస్తే వెళ్లాడు. అక్క పళ్లెం పట్టుకుంది. నేను దండ వేసి, రెండు పక్కలా చిన్న బొట్లు పెట్టాను. పెద్ద బొట్టు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. వేలు తనంతట తానే పైన నడుమకి పోయింది. వెలుగుతున్న దీపం మీదే గంధం మెత్తాను.

"నుదుటి మీద సరిగ్గా కుదిరిందిరా. ఇప్పుడు కళ వచ్చింది" అంది అక్క.

కొబ్బరికాయ కొట్టాం. కాసేపాగి ఎలక్ట్రీషియన్ మిషన్ మళ్లీ ఆన్ చేశాడు. ఆకుపచ్చ దీపాలు మూడూ వచ్చాయి. హ్యాండిల్ వెనక్కి తిప్పాలంటే మిషన్ కాస్త కుదురుకోవాలి, పది నిమిషాలు ఆగాలి.

"మీరు పోండ్రి సార్. పైన భోజనాలు పెడుతుండ్రు. నేను తిప్పి వస్త" అన్నాడతను.

మేం పైకి వెళ్లాం. బావ అడిగాడు, అయిందా అని. అయిందన్నాను. భోజనం మధ్యలో ఎలక్ట్రీషియన్ వచ్చి, బావకు దూరం నుంచే చెయ్యి ఊపి, తొందరగా వెళ్లిపోయాడు. సాయంత్రం జమ్మికి పోవాలి కదా అనుకున్నాం.

పూజ బొట్టు తుడవకూడదు. దానంతటది రాలిపోవాలి. మా ఇంట్లో అంతే, ఆ స్టూడియోలోనూ అంతే. ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను రోజూ వెళ్లాను. నన్ను రాయమన్నవి రెండు అంకెలు. బ్యాటరీ వోల్టేజి ఒకటి, స్టూడియో లాగుతున్న కరెంటు ఒకటి. రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. బైపాస్‌లో ఉన్నా అవి అలాగే ఉంటాయని నాకు తర్వాత తెలిసింది. దీపాల గడిలో రోజూ "సాధారణం" అని రాశాను. నుదుటి దీపం ఎప్పుడూ ఆరి ఉండేదే కాబట్టి, కనబడకపోవడం ఆరి ఉన్నట్టే అనిపించింది. చూడకుండా రాశానని నాకు అనిపించలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కరెంటు పోయినా బయటపడేది. పోలేదు.

పదో రోజు పోయింది.

నేను బొట్టు గీకి నిలబడి ఉండగానే ఎలక్ట్రీషియన్ తడుస్తూ వచ్చాడు. నన్ను పక్కకు జరిపి, చిన్న తలుపు లాగి, లోపల చెయ్యి పెట్టాడు. నారింజ దీపం ఆరిపోయింది. అంతా రెండు మూడు క్షణాల్లో.

"హ్యాండిల్ ఎటుంది?" అని అడిగాను.

"సక్కగనే ఉండె సార్."

"సక్కగ ఉంటే ఏం తిప్పావు?"

"దీపం జూసి పరేషానైన. అటిటు తిప్పిన."

"ముందు అటా, ఇటా?"

"నాకేమెరుక సార్. భయంల చెయ్యి ఏం జేసిందో నాకేమెరుక."

ముప్పై ఏళ్లు మనుషుల్ని ఇలాంటి ప్రశ్నలే అడిగాను. అబద్ధం చెప్పేవాడు మాట మీద నిలబడతాడు. నిజం చెప్పేవాడు తడబడతాడు. భయపడ్డవాడు కూడా తడబడతాడు. తేడా చెప్పడం నాకు ఎప్పుడూ రాలేదు.

బావ వచ్చేసరికి వాన తగ్గింది. పైన రెండు రోజుల మిక్సింగ్ పోయిందని గొడవగా ఉంది. మేనేజర్ పెద్దగా అరవలేదు. "ఈ వారంలో తీసుకెళ్లండి సార్" అని మాత్రం అన్నాడు. మిషన్ గురించి.

వీధి చివర టీ కొట్టు దగ్గర, కార్లు తుడుచుకుంటున్న డ్రైవర్ల మధ్య, బొట్టు సంగతి బావకు చెప్పేశాను. ఆయన టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టాడు.

"దీపం మీదా?"

"దీపం మీదే బావా."

"బొట్టు పెట్టే చోట దీపం పెట్టింది నేను" అన్నాడు. తర్వాత నన్ను ఒకటే అడిగాడు. "నువ్వు గీకినప్పుడు వెలుగుతోంది. సరే. అంతకుముందు రోజు వెలిగిందా?"

తెలియదన్నాను.

"దసరా మర్నాడు?"

తెలియదన్నాను.

అప్పుడు అర్థమైంది, పోయింది తొమ్మిది రోజుల గమనిక మాత్రమే కాదని. దసరా నుంచీ వెలుగుతూనే ఉంటే అతను హ్యాండిల్ తిప్పడం మరిచాడు. మిషన్‌ది తప్పు లేదు. మధ్యలో ఏదో ఒకరోజు వెలిగి ఉంటే, మిషన్ తనలో ఏదో లోపంతో తనే తప్పుకుంది. ఆ లోపం మందుల కంపెనీలోనూ వస్తుంది. ఏది నిజమో చెప్పగలిగింది ఆ దీపం ఒక్కటే. దాన్ని రోజూ చూడాల్సిన పని నాది.

కంపెనీ ఇంజినీర్ ఫోన్ చేశాడు. మంచి మనిషి. స్పీకర్‌లో మేమిద్దరం విన్నాం.

"చూడండి సార్, ఫారం పంపిస్తున్నాను. కారణం, లోపం మొదలైన తేదీ, సాక్షి సంతకం. ఆపరేటర్ పొరపాటు అని వస్తే నేను ఫైలు కదపగలను. కారణం తెలియదు అని వస్తే నా చేతిలో ఏమీ లేదు. సోమవారంలోగా పంపండి."

సాక్షి అంటే నేను.

ఆదివారం అక్క ఇంటికి రమ్మంది. పెసరట్లు వేసింది. ఎవరూ తినలేదు. ఫారం బల్ల మీద ఉంది. బావ దాన్ని నావైపు జరిపాడు.

"దసరా నాటి తేదీ వెయ్యరా. నూటికి తొంభై పాళ్లు అదే నిజం."

"మిగతా పది?"

"నా మిషన్ నాకు తెలుసు."

"తెలిస్తే నువ్వే సంతకం పెట్టు బావా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఏరా, తొమ్మిది రోజులు చూడకుండా సాధారణం అని రాసినవాడివి, ఇంకొక్క ముక్క రాయడానికి ఇప్పుడు నీతి అడ్డొచ్చిందా?" అంది అక్క. మెల్లగానే అంది.

రాయలేకపోవడానికి కారణం నీతి అని చెప్పుకోలేను. ముందు రోజు ఎలక్ట్రీషియన్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సార్, నాది తప్పని రాస్తె నన్ను తీసేస్తరు. తీసేస్తె తీసేయనీయ్. గని నేను తిప్పిన సార్. తొందరల ఉన్న మాట నిజమే. చెయ్యి హ్యాండిల్ మీద పెట్టింది యాదికున్నది."

"తిప్పింది గుర్తుందా?"

"పెట్టినంక తిప్పకుంట ఎందుకుంట సార్?" అన్నాడు.

సోమవారం గడిచిపోయింది. ఫారం పంపలేదు. బావ మళ్లీ అడగలేదు. మిషన్‌ని షెడ్డుకి తెచ్చాక, దాన్ని తనంతట తాను తప్పుకునేలా చేయడానికి ఆయన చేయని పని లేదు. బరువు పెంచాడు, తగ్గించాడు. ఫ్యాన్లకు గుడ్డ కట్టి వేడెక్కించాడు. లైను వోల్టేజి కిందికి లాగాడు. ఒక్కోసారి ప్యానెల్ ముందు స్టూలు వేసుకుని, ఆ దీపం వైపు చూస్తూ మధ్యాహ్నమంతా కూర్చుంటాడు. వెలిగితే లోపం ఎక్కడుందో దొరుకుతుంది, సరిచేయొచ్చు. వెలిగితే మూడేళ్ల పని తప్పు. వెలగకపోతే ఏమీ తేలదు. ఏది కోరుకుంటున్నావని నేను అడగలేదు.

కొత్త డ్రాయింగులో రెండు దీపాలు గీశాడు. హ్యాండిల్‌కి ఒకటి, మిషన్‌కి ఒకటి. అవి ఎక్కడ పెట్టాలో నన్ను అడగలేదు. నలుగురు పనివాళ్లలో ఇద్దరు వేరే చోటికి వెళ్లిపోయారు. మళ్లీ మూడు నెలలు మిషన్ పెట్టుకోవడానికి ఇప్పటిదాకా ఎవరూ ముందుకు రాలేదు. కంపెనీ కాదనలేదు, అవుననీ అనలేదు. ఎలక్ట్రీషియన్ ఆ స్టూడియోలోనే ఉన్నాడు. నన్ను చూస్తే నమస్తే పెడతాడు, ఆగడు.

నిన్న షెడ్డుకి వెళ్లాను. మిషన్ అక్కడికి వచ్చి ఐదో నెల నడుస్తోంది. నారింజ దీపం ఇంతవరకూ ఒక్కసారి కూడా వెలగలేదు. ఫారం నా దగ్గరే ఉంది. లోపం మొదలైన తేదీ అన్న గడి ఖాళీగా ఉంది.